పాత బ్రేకర్లు, మారిన భవనాలు: వాణిజ్య సముదాయాల్లో స్విచ్‌గేర్ మార్పిడి

హైదరాబాద్‌లో అబిడ్స్, బషీర్‌బాగ్, అమీర్‌పేట వంటి చోట్ల 1980లు, 1990లలో కట్టిన వాణిజ్య సముదాయాల సెల్లార్‌లోకి దిగితే, జనరేటర్ గది పక్కనో మెట్ల కిందో స్విచ్‌గేర్, అంటే బ్రేకర్లు, ఫ్యూజులు, స్విచ్‌లు ఉన్న బూడిద రంగు ఇనుప ప్యానెల్ ఒకటి కనిపిస్తుంది. తలుపు మీద రాసిన ఫీడర్ (ఒక్కో చోటికి వెళ్ళే కరెంటు లైను) పేర్లలో సగం ఇప్పుడు లేని దుకాణాలవి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటును తీసుకునే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్, అంటే ఏసీబీ, దాని కింద అంతస్తుకొకటి చొప్పున ఎంసీసీబీలు (మూసిన పెట్టెలాంటి చిన్న బ్రేకర్లు) లేదా అంతకన్నా పాతవైన స్విచ్ ఫ్యూజ్ యూనిట్లు ఉంటాయి. ముప్ఫయ్యేళ్ళుగా పని చేస్తున్నదాన్ని ఇప్పుడెందుకు మార్చాలని యజమానుల సంఘం అడుగుతుంది. కాలం తీరింది కాబట్టి మార్చాలని కాంట్రాక్టర్ చెబుతాడు. ఈ రెండు మాటలూ బ్రేకర్ వయసు చుట్టూనే తిరుగుతాయి. నిజానికి తేల్చవలసింది వేరు: ఇప్పుడు ఆ భవనంలో రాగల అతి పెద్ద ఫాల్ట్‌ను, అంటే షార్ట్ సర్క్యూట్ వంటి లోపంలో విరుచుకుపడే కరెంటును, ఆ బ్రేకర్ తెంచగలదా, సకాలంలో తెంచగలదా?

బ్రేకర్‌కు రెండు పనులున్నాయి. రోజూ కరెంటును మోయడం మొదటిది, ఫాల్ట్ వచ్చిన క్షణంలో దాన్ని తెంచడం రెండోది. మొదటి పనిలో లోపముంటే లైట్లు ఆరతాయి, కాలిన వాసన వస్తుంది, ఎవరో ఒకరు గమనిస్తారు. రెండో పని చేయవలసిన అవసరం ఒక్కో బ్రేకర్‌కు ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. అందువల్ల ఆ సామర్థ్యం ఎప్పుడో పోయినా, పోయిన సంగతి తెలిపే గుర్తు ఏదీ బయటికి కనిపించదు. పంపు మోటారు చెడితే నీళ్ళు రావు, లిఫ్టు చెడితే ఆగిపోతుంది. చెడిన బ్రేకర్ మాత్రం బాగున్న బ్రేకర్ లాగే కరెంటునిస్తూ ఉంటుంది.

ముందుగా బ్రేకర్ శరీరంలో జరిగే మార్పులు చూద్దాం. ఏసీబీని తెరిచే, అంటే కరెంటు దారిని తెంచే, శక్తి అందులోని స్ప్రింగులదే అయినా, ఆ శక్తి కాంటాక్టులకు (కరెంటు దారిని కలిపి విడదీసే లోహపు ముక్కలకు) చేరడానికి మధ్యలో లాచ్‌లు, బేరింగులు, లివర్లు ఉంటాయి. వాటికి పెట్టిన గ్రీజులోని నూనె ఏళ్ళ తరబడి వేడికి ఇంకిపోయి, మిగిలినది దుమ్ముతో కలిసి మైనంలా గట్టిపడుతుంది. మంచి స్థితిలో 50 మిల్లీసెకన్లలో తెరుచుకోవలసిన బ్రేకర్, గ్రీజు బిగిసిన తరువాత అర సెకను తీసుకోవచ్చు. ఫాల్ట్ చోట ఆర్క్ (గాలిలో మండే విద్యుత్ మెరుపు) వెదజల్లే శక్తి అది నిలిచిన కాలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఈ తేడా అంటే పది రెట్ల శక్తి. ఆ శక్తి ప్యానెల్ తలుపును ఊడదీయడానికీ, ఎదురుగా నిలుచున్న మనిషిని కాల్చడానికీ చాలు.

విచిత్రమేమంటే ఈ దోషం పరీక్షలో కూడా తప్పించుకుంటుంది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న బ్రేకర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు మాత్రమే బిగుసుకున్న గ్రీజు అడ్డుపడుతుంది. ఆ ఒక్క కదలికతో అది వదులై, రెండోసారి బ్రేకర్ చురుగ్గా తెరుచుకుంటుంది. పరీక్షకు వచ్చిన బృందం ముందు బ్రేకర్‌ను రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి, బయటికి లాగి, తుడిచి, ఆ తరువాత టైమింగ్ చూస్తే రిపోర్టులో అంకెలన్నీ బాగానే వస్తాయి. ఫాల్ట్ నాడు పరుగెత్తవలసింది మాత్రం మొదటి కదలికే. అందుకే మొదటి ట్రిప్ (బ్రేకర్ తెరుచుకోవడం) కాలాన్ని బ్రేకర్‌ను ముట్టుకోకముందే నమోదు చేయాలని పరీక్షల ఆర్డరులో స్పష్టంగా రాయించుకోవాలి. ఈ ఒక్క వాక్యం లేని ఆర్డరుతో వచ్చిన రిపోర్టుకు విలువ సగమే.

కాంటాక్టుల సంగతి వేరు. ప్రతి ట్రిప్‌తోనూ వెండి మిశ్రమం కొంత కరిగి ఎగిరిపోతుంది, ఉపరితలం గుంటలు పడుతుంది, కాంటాక్టు నిరోధం పెరుగుతుంది. మైక్రో ఓముల్లో కొలిచే ఈ నిరోధంలో మూడు ఫేజులకూ దగ్గరి విలువలు రావాలి. ఒక ఫేజులో మాత్రం మిగతావాటికి రెట్టింపు కనిపిస్తే అక్కడ వేడి పుడుతున్నట్టే. ఇన్సులేషన్ విషయంలో ఇంజనీర్లు వాడుకునే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: నడిచే ఉష్ణోగ్రత సుమారు 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయువు సగానికి పడిపోతుంది. హైదరాబాద్ మే నెలలో గాలి ఆడని సెల్లార్ ప్యానెల్ లోపల ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. విశాఖపట్నం తీరంలోని భవనాల్లో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. బోల్టులు, స్ప్రింగులు, లగ్గులు తుప్పుపట్టి, పదిహేనేళ్ళ ప్యానెల్ కూడా లోతట్టు ప్రాంతంలోని పాతికేళ్ళ ప్యానెల్‌లా కనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినది బ్రేకర్‌కు వచ్చే ముసలితనం. దీన్ని శుభ్రం చేసి, గ్రీజు మార్చి, కాంటాక్టులు కొత్తవి వేసి చాలావరకు సరిచేయవచ్చు. బ్రేకర్ అలాగే ఉన్నా చుట్టూ ఉన్న భవనం పెరిగిపోవడం వల్ల వచ్చే ముసలితనం ఇంకొకటి ఉంది. సర్వీసింగ్‌తో అది పోదు. అదే రేటింగ్ ఉన్న కొత్త బ్రేకర్‌ను తెచ్చి పెట్టినా పోదు.

ఒక లెక్క చూస్తే విషయం తేలికవుతుంది. 1990లో ఒక ఆరంతస్తుల భవనానికి 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారనుకుందాం. సెకండరీ వైపు 433 వోల్టుల వద్ద దాని పూర్తి లోడు కరెంటు సుమారు 667 ఆంపియర్లు; ఇంపీడెన్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు) 4.5 శాతమైతే దాని వెనుక నుంచి రాగల గరిష్ఠ ఫాల్ట్ కరెంటు దాదాపు 15 కిలో ఆంపియర్లు. అప్పటి డిజైనర్ అంతస్తుల ఫీడర్లకు 16 కిలో ఆంపియర్ల బ్రేకింగ్ కెపాసిటీ ఉన్న ఎంసీసీబీలు పెట్టాడు. అతను చేసింది సరైన పనే. పదిహేనేళ్ళ తరువాత ప్రతి గదికీ ఏసీలు వచ్చాయి, ఒక అంతస్తులో డయాగ్నస్టిక్ సెంటర్, ఇంకొక అంతస్తులో సర్వర్ గది వెలిశాయి, లోడు చాలక ట్రాన్స్‌ఫార్మర్‌ను 1000 కేవీఏకు మార్చారు. 5 శాతం ఇంపీడెన్స్ ఉన్న ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగల ఫాల్ట్ కరెంటు సుమారు 27 కిలో ఆంపియర్లు. అలాంటివి రెండు పెట్టి, రెండింటినీ కలిపే బస్ కప్లర్ స్విచ్ మూసి సమాంతరంగా నడిపితే అది 53 దాటుతుంది. 16 కిలో ఆంపియర్ల ఎంసీసీబీలు మాత్రం చోటు మారకుండా అక్కడే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ చెడిపోలేదు, ఏ ఒక్కటీ పాతబడలేదనే అనుకుందాం. అయినా మెయిన్ ప్యానెల్‌కు దగ్గర్లో షార్ట్ సర్క్యూట్ జరిగితే అవి ఆర్క్‌ను ఆర్పలేక తామే పగిలిపోయే అవకాశముంది.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజున ఈ లెక్కను ఎవరూ చేయరు. లోడు సరిపోతుందా, కేబుల్ సరిపోతుందా అని మాత్రమే చూస్తారు. మన దగ్గర మెయిన్ ప్యానెళ్ళలో కనిపించే సాధారణ లోపాల్లో ఇదొకటని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

ఆధునికీకరణ పేరుతో భద్రత తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. పాత స్విచ్ ఫ్యూజ్ యూనిట్లలో వాడిన హెచ్‌ఆర్‌సీ (హై రప్చరింగ్ కెపాసిటీ) ఫ్యూజులు సాధారణంగా 415 వోల్టుల వద్ద 80 కిలో ఆంపియర్ల ఫాల్ట్‌ను తెంచగలవు. పైగా కరెంటు తన శిఖరానికి చేరకముందే, కొన్ని మిల్లీసెకన్లలోనే కరిగి తెంపేస్తాయి. వాటిని ‘పాతకాలపు సరుకు’ అని తీసేసి, ధర తక్కువని 25 కిలో ఆంపియర్ల ఎంసీసీబీలు బిగిస్తే, చూపులకు కొత్తగా, పనిలో బలహీనంగా మారినట్టే. ఎంసీసీబీ వల్ల వేరే లాభాలున్నాయి: మూడు ఫేజులూ ఒకేసారి తెగుతాయి, ఫ్యూజు కోసం రాత్రిపూట వెతుక్కోనక్కరలేదు, ఫ్యూజు స్థానంలో ఎవరో రాగితీగ చుట్టే అవకాశముండదు. ఆ లాభాల కోసం మార్చడం సమంజసమే, కానీ ఫాల్ట్ లెవెల్ (ఆ చోట రాగల గరిష్ఠ ఫాల్ట్ కరెంటు) లెక్క చేతిలో ఉండాలి.

ఆ లెక్కతో దుకాణానికి వెళ్ళినా కేటలాగులో ఒక మెలిక ఉంటుంది. ఐఎస్/ఐఈసీ 60947-2 ప్రమాణం ప్రకారం ప్రతి బ్రేకర్‌కూ రెండు సామర్థ్యాలు చెబుతారు. ఐసీయూ అనేది అది తెంచగల గరిష్ఠ కరెంటు; తెంచిన తరువాత అది మళ్ళీ పనికొస్తుందన్న హామీ అందులో లేదు. ఐసీఎస్ అనేది తెంచిన తరువాత కూడా తన రేటెడ్ కరెంటును మోస్తూ కొనసాగగల స్థాయి; దీన్ని ఐసీయూలో ఇంత శాతమని చెబుతారు. 36 కిలో ఆంపియర్లని పెద్ద అక్షరాల్లో రాసిన ఎంసీసీబీకి ఐసీఎస్ 50 శాతమే అయితే, ఒక ఫాల్ట్ తెంచాక నమ్మకంగా కొనసాగే స్థాయి 18 మాత్రమే. ఒకే భవనంలో వంద దుకాణాలకు కరెంటు ఇచ్చే మెయిన్ ప్యానెల్‌కు ఐసీయూ, ఐసీఎస్ రెండూ సమానంగా ఉన్నవే ఎంచుకోవడం మేలు. ధరలో తేడా ఉంటుంది, కానీ ఆ తేడా ఒక రోజు మూతపడిన సముదాయం నష్టంతో పోల్చదగినది కాదు.

న్యూట్రల్ సంగతి కూడా ఇలాంటిదే. పాత ప్యానెళ్ళలో కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ బస్‌బార్‌ను (ప్యానెల్ లోపలి లోహపు పట్టీని) ఫేజు బస్‌బార్‌లో సగం కొలతతో వేసేవారు. మూడు ఫేజులూ సమంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు దాదాపు సున్నా అన్నది అప్పటి తర్కం. కంప్యూటర్లు, యూపీఎస్‌లు, ఎల్‌ఈడీ లైట్లు తీసుకునే కరెంటులో మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం, ఉంటుంది. అది మూడు ఫేజుల్లోనూ ఒకే దిశలో ఉండి, న్యూట్రల్‌లో ఒకదానినొకటి కొట్టివేయకుండా కూడుకుంటుంది. ఇలాంటి లోడు మరీ ఎక్కువైన చోట న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్ల దాకా పోగలదు. పాత పద్ధతిలో న్యూట్రల్ మీద ఓవర్‌లోడ్ రక్షణ ఉండదు కాబట్టి అది ఎంత వేడెక్కినా ఏ బ్రేకరూ పడదు. న్యూట్రల్ జాయింటు కాలి తెగితే, ఒక ఫేజుపై ఉన్న పరికరాలకు 230 బదులు అంతకు చాలా ఎక్కువ వోల్టేజి వెళ్ళి ఒకేసారి డజన్ల కొద్దీ కంప్యూటర్లు, టీవీలు కాలిపోతాయి. కొత్త ప్యానెల్‌లో న్యూట్రల్‌ను కనీసం ఫేజుతో సమానంగా, ఐటీ కార్యాలయాలున్న చోట అంతకన్నా ఎక్కువగా వేయించాలి.

అంతస్తుల డిస్ట్రిబ్యూషన్ బోర్డుల్లో ప్రతి వేసవిలోనూ కనిపించే ఒక అలవాటును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఐఈసీ 60898 ప్రమాణం ప్రకారం తయారైన ఎంసీబీని (బోర్డులోని చిన్న బ్రేకర్‌ను) 30 డిగ్రీల వద్ద కాలిబ్రేట్ చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో బోర్డు లోపలి వేడికి అది తన రేటింగ్ కన్నా తక్కువ కరెంటుకే పడిపోతుంది. ఏసీ మాటిమాటికీ ఆగిపోతోందని దుకాణదారు ఫిర్యాదు చేస్తే ఎలక్ట్రీషియన్ 32 ఆంపియర్ల ఎంసీబీ తీసి 40ది పెడతాడు, మరుసటి ఏడాది దాన్ని 63 చేస్తాడు. వెనకున్న వైరు మాత్రం 32కి సరిపోయేదే. అక్కడి నుంచి రక్షణ లేనిది ఆ వైరుకే, అది ఫాల్స్ సీలింగ్ పైన, ప్లైవుడ్ పార్టిషన్ల వెనక సాగుతుంది. మార్పిడి పథకం మెయిన్ ప్యానెల్ దగ్గరే ఆగిపోతే ఈ బోర్డులు అలాగే మిగిలిపోతాయి. ప్రతి ఎంసీబీ రేటింగునూ దాని వెనకున్న వైరు మందంతో సరిచూడడం శ్రమతో కూడిన పనే అయినా తప్పనిదే.

11 కేవీ, అంటే హై టెన్షన్ (హెచ్‌టీ), వైపు కథ కొంత భిన్నం. పాత హెచ్‌టీ ప్యానెళ్ళలో నూనెలో ఆర్క్‌ను ఆర్పే బ్రేకర్లు ఉండేవి. ప్రతి ట్రిప్‌కూ నూనెలో బొగ్గు చేరి దాని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అలాంటి బ్రేకర్ ఫాల్ట్‌ను తెంచలేకపోయినప్పుడు పగిలి, మండే నూనెను వెదజల్లుతుంది. అలాంటివి జనం తిరిగే భవనంలో ఇంకా ఉంటే పరీక్షలూ చర్చలూ అక్కరలేదు, తీసేయడమే మార్గం. వాటి స్థానంలో వచ్చిన వాక్యూమ్ బ్రేకర్లలో (వీసీబీలలో) ఎం2 తరగతివి పదివేల సార్లు తెరిచి మూసినా పని చేసేలా పరీక్షకు నిలిచినవి. ఒక కార్యాలయ భవనంలో అవి ఏడాదికి పదిసార్లు కూడా కదలవు కాబట్టి అరిగి చెడవు, కదలక చెడతాయి. ఎస్‌ఎఫ్6 వాయువు ఉన్న యూనిట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, కానీ ఆ వాయువు భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా ఇరవై మూడు వేల రెట్లకు పైగా పెంచుతుంది. ఐరోపా సమాఖ్య 24 కిలోవోల్టుల వరకున్న కొత్త స్విచ్‌గేర్‌లో అలాంటి ఫ్లోరినేటెడ్ వాయువులను 2026 నుంచి, కొన్ని మినహాయింపులతో, నిషేధించింది. ఇప్పుడు కొనేదాన్ని మరో పాతికేళ్ళు ఉంచుకోవాలి కాబట్టి వాక్యూమ్ వైపే మొగ్గడం తెలివైన పని.

హెచ్‌టీ బ్రేకర్ విషయంలో ఎక్కువగా మరిచిపోయేది బ్యాటరీని. రిలే ఫాల్ట్‌ను గుర్తించినా, బ్రేకర్‌ను తెరిపించే ట్రిప్ కాయిల్‌కు బ్యాటరీ నుంచి డీసీ సరఫరా లేకపోతే బ్రేకర్ తెరుచుకోదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిదిమంది చనిపోయారు; ఆ రాత్రి అక్కడ బ్యాటరీల మార్పిడి పని జరుగుతోంది. ఒక విద్యుత్ కేంద్రానికీ వ్యాపార సముదాయానికీ పోలిక లేదు గానీ, డీసీ సరఫరా మీద పని చేసేటప్పుడు రక్షణ వ్యవస్థ మొత్తం చేతులు కట్టుకుని ఉంటుందన్న సంగతి రెండు చోట్లా ఒకటే. భవనాల్లోని చిన్న బ్యాటరీ ఛార్జర్ పెట్టెలో ఎర్రదీపం ఏళ్ళ తరబడి వెలుగుతూ ఉన్నా పట్టించుకునే నాథుడుండడు. వేల రూపాయలతో పోయే ఆ బ్యాటరీని వదిలేసి లక్షల రూపాయల కొత్త వీసీబీ పెట్టడంలో అర్థం లేదు.

మార్చాలని తేలాక మూడు దారులున్నాయి. బ్రేకర్‌ను విప్పి సర్వీస్ చేయించడం, పాత ప్యానెల్‌లోనే కొత్త బ్రేకర్‌ను అమర్చే రెట్రోఫిట్, మొత్తం ప్యానెల్‌ను తీసేసి కొత్తది పెట్టడం. రెట్రోఫిట్ ఆకర్షణీయమైనది: కేబుళ్ళు కదలవు, ఒక రాత్రి షట్‌డౌన్‌తో పని అయిపోతుంది. దాని పరిమితి ఏమంటే, ప్యానెల్‌ను పరీక్షించినది అప్పటి బ్రేకర్‌తో, అప్పటి గాలి దారులతో. కొత్త బ్రేకర్ 50 కిలో ఆంపియర్లను తెంచగలిగినా, పాత బస్‌బార్‌లూ వాటిని పట్టి ఉంచే ఇన్సులేటర్లూ ఆ కరెంటు విసిరే యాంత్రిక బలాన్ని తట్టుకుంటాయన్న హామీ లేదు. ఆ బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఫాల్ట్ కరెంటు రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అందువల్ల ఫాల్ట్ లెవెల్ మారని భవనంలో రెట్రోఫిట్ చక్కని పరిష్కారం. ఫాల్ట్ లెవెల్ పెరిగిన భవనంలో అది పాత గోడకు కొత్త తలుపు మాత్రమే. అలాంటి చోట ఐఎస్/ఐఈసీ 61439 ప్రకారం పరీక్షించిన పూర్తి ప్యానెల్‌కే వెళ్ళాలి.

ప్యానెల్ స్థలాన్ని కూడా అప్పుడే పునరాలోచించాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడూ సెల్లార్లు నీటి తొట్లయ్యాయి. మురుగునీటిలో మునిగిన బ్రేకర్‌ను ఎండబెట్టి తిరిగి వాడడం ప్రమాదకరం; లోపల చేరిన ఒండ్రు, తుప్పు కంటికి కనబడవు. కొత్త ప్యానెల్ పెట్టేటప్పుడు దాన్ని నేల అంతస్తుకు ఎక్కించడానికి అవసరమయ్యే అదనపు కేబుల్ ఖర్చు ఒక్క వరదతో తీరిపోతుంది.

ఇవన్నీ బాగా చేసినా చివర్లో సెట్టింగుల దగ్గర పని పాడవుతుంది. కొత్త ఏసీబీల మీద, ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ రిలీజ్ ఉంటుంది. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్, ఎర్త్ ఫాల్ట్ స్థాయిలనూ ఆలస్యాలనూ విడివిడిగా పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విలువలతోనే ఛార్జ్ చేసి (కరెంటు ఎక్కించి) వెళ్ళిపోవడం పరిపాటి. అప్పుడు మూడో అంతస్తులోని ఒక కెటిల్ షార్ట్ అయితే కింద మెయిన్ ఏసీబీ పడి భవనమంతా చీకటవుతుంది. రెండుసార్లు అలా జరిగాక విసిగిన మెయింటెనెన్స్ మనిషి అన్ని డయళ్ళనూ గరిష్ఠానికి తిప్పేస్తాడు, ఆపై రక్షణ పేరుకే మిగులుతుంది. కింది బ్రేకర్ ముందు, పైది తరువాత పడేలా వక్రరేఖలు గీసి నిర్ణయించిన సెట్టింగుల పట్టిక లేకుండా కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించకూడదు. ఎర్త్ లీకేజీ రక్షణకూ ఇదే జాగ్రత్త అవసరం: మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు భూమిలోకి కారితే తెంచే పరికరాలు) సాకెట్ల సర్క్యూట్లలో, అగ్నిప్రమాదాల నివారణకు అంతకన్నా పెద్దవి, ఆలస్యంతో, పైన. ‘ఏసీ’ టైపు ఆర్‌సీసీబీ డీసీ పాలున్న లీకేజీని సరిగా పసిగట్టదు కాబట్టి, ఇన్వర్టర్ ఏసీలున్న చోట కనీసం ‘ఏ’ (A) టైపు ఆర్‌సీసీబీ అవసరం. పార్కింగ్‌లో విద్యుత్ వాహనాల ఛార్జర్లకైతే ‘బీ’ (B) టైపు, లేదా ‘ఏ’ టైపుతో పాటు డీసీ లీకేజీని విడిగా గుర్తించే ఏర్పాటు ఉండాలి.

పనికి ముందు చేసే కొలతల్లో థర్మల్ కెమెరాకు ఈమధ్య గిరాకీ పెరిగింది. అది మంచిదే, కానీ ఆదివారం ఉదయం ఖాళీ భవనంలో తీసిన చిత్రం దేనికీ పనికిరాదు. లోడు కనీసం నలభై శాతం ఉన్నప్పుడు, వీలైతే మే నెల మధ్యాహ్నం తీయాలి. హెచ్‌టీ సరఫరా ఉన్న భవనాల్లో ప్రభుత్వ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయం అనుమతి, డిస్కమ్ ఇచ్చే షట్‌డౌన్ ఈ పనిలో తప్పనిసరి భాగాలు. 2010 నాటి వాటి స్థానంలో 2023లో వచ్చిన కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలను కాంట్రాక్టర్ కన్నా ముందు యజమానే చదివి ఉండడం మంచిది.

షట్‌డౌన్ రాత్రి గురించి రెండు మాటలు. సరఫరా ఆపామని చెప్పే లైన్ క్లియర్ కాగితం చేతికి వచ్చినా, బస్‌బార్ మీద టెస్టర్‌తో వోల్టేజి లేదని చూసి, ఎర్త్ చేసి, బ్రేకర్‌కు తాళం వేసి ఆ తాళంచెవిని పని చేసే మనిషి జేబులోనే ఉంచుకోవాలి. పొరుగు అంతస్తులోని యూపీఎస్, రూఫ్‌టాప్ సోలార్, జనరేటర్ ఇవన్నీ వెనుక నుంచి కరెంటును పంపగలవు. తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఫేజు క్రమం సరిచూడకపోతే పంపులు వెనక్కి తిరుగుతాయి, లిఫ్టులు మొరాయిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ బ్రేకర్లు రెండూ ఒకేసారి మూసుకోకుండా ఆపే ఇంటర్‌లాక్‌ను రెండు వైపుల నుంచీ బలవంతంగా మూయడానికి ప్రయత్నించి చూడాలి. అది ఒప్పుకుంటే పని పూర్తి కాలేదన్నమాట.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నే చాలా సముదాయాల్లో ఈ పనిని ఏళ్ళ తరబడి ఆపుతుంది. దుకాణాలు విడివిడిగా అమ్ముడుపోయిన భవనంలో మెయిన్ ప్యానెల్ అందరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. లిఫ్టుకూ రంగులకూ చందా ఇచ్చేవారు సెల్లార్‌లోని ఇనుప పెట్టెకు ఇవ్వరు. ఒకేసారి అంతా కుదరనప్పుడు వరస ముఖ్యం: ముందు ఫాల్ట్ లెవెల్ లెక్కా, భవనంలోని కరెంటు దారులను చూపే సింగిల్ లైన్ డయాగ్రామూ, తరువాత ట్రిప్ బ్యాటరీ, ఆపై ఫాల్ట్‌ను తెంచలేని ఫీడర్లు, చివరికి మిగతావి. మొదటి రెండింటికీ అయ్యే ఖర్చు, మెయింటెనెన్స్ నిధిలోంచే తీయదగినంత చిన్నది.

తీసేసిన పాత బ్రేకర్ల విషయంలో ఒక జాగ్రత్త మిగిలింది. రాగి, వెండి ఉన్నాయని అవి పాతసామాను దుకాణానికి చేరతాయి. అక్కడ తుడిచి రంగు వేస్తే కొత్త స్టిక్కరుతో ఇంకొక భవనం ప్యానెల్‌లో ‘స్పేరు’గా తేలగలవు. అప్పగించే ముందు వాటి మెకానిజాన్ని, ఆర్క్‌ను ఆర్పే ఆర్క్ చ్యూట్‌లను పగలగొట్టించి, ఆ ఫొటోను పని ముగింపు రికార్డులో చేర్చాలి.